ఊరిని ప్రశ్నించే చిన్నపిల్ల కథ రాయాలంటే ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

పదేళ్ళో పన్నెండేళ్ళో ఉన్న ఒక అమ్మాయి, తన ఊళ్ళో తన ఇంట్లో కులం పేరుతో జరిగే, అందరూ మామూలే అనుకునే అన్యాయాన్ని చూసి ఇదేంటి ఇలా ఎందుకు అని అడుగుద్ది. ఇలాంటి కథ రాయాలని చాలామందికి ఉంటది, రాయాలి కూడా, మన పిల్లలకి ఇలాంటి కథలు ఇంకా బోలెడు కావాలి. కానీ చదవడానికి దొరికేవాటిలో ఎక్కువ భాగం ఒకటే దారిలో పోతున్నాయి. అమ్మాయి రచ్చబండ దగ్గర నిలబడి ఒక స్పీచ్ ఇస్తది, పెద్దలు తలదించుకుంటారు, ఆఖర్న అందరూ ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తారు, శుభం కార్డు. ఊళ్ళో పెరిగిన ఏ పిల్లకైనా అలా జరగదని తెలుసు, అందుకే పుస్తకం మూసి పక్కన పెట్టేస్తది.

నేను చెప్పదల్చుకుంది ప్రధానంగా ఒకటే. పిల్ల అడిగిన ప్రశ్న ఎంత గొప్పగా ఉందన్నది తర్వాత, ఆ ప్రశ్నకి ఎవరు మూల్యం కడతారు అన్నది ముందు తేల్చుకోండి. మిగతా స్టెప్పులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

1. ముందు ఊరు, సంవత్సరం ఫిక్స్ చేసుకోండి

"ఒక ఊరిలో" అని మొదలుపెట్టకండి. పల్నాడు మిరప పొలాల ఊరా, కోనసీమ కొబ్బరితోటల ఊరా, మహబూబ్‌నగర్ వైపు ఊరా తేల్చుకోండి, ఎందుకంటే వివక్ష అన్నిచోట్లా ఉన్నా దాని రూపం మాత్రం ఒక్కో చోట ఒక్కోలా ఉంటది. దళితుల ఇళ్ళుండే చోటుని ఒకచోట పల్లె అంటారు, ఒకచోట వాడ అంటారు, ఒకచోట పేట అంటారు, కాగితాల్లో మాత్రం ఎస్సీ కాలనీ అని ఉంటది. మీ ఊళ్ళో ఏమంటే అదే రాయండి.

సంవత్సరం ఇంకా ముఖ్యం. అంటరానితనాన్ని రద్దు చేస్తున్నామని రాజ్యాంగం 17వ అధికరణం 1950లోనే చెప్పింది, దాన్ని పాటిస్తే శిక్ష అని 1955లో చట్టం వచ్చింది, ఎస్సీ ఎస్టీల మీద దౌర్జన్యాలు ఆపడానికి 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. మీ కథ 1975లో జరిగితే టీ కొట్టు ముందు రెండు రకాల గ్లాసులు బాహాటంగా కనపడాలి. ఇవాళ్టి కథైతే గ్లాసులు కనపడవు, అందరికీ పేపర్ కప్పులొచ్చాయి, కాకపోతే కొన్నిచోట్ల కాస్త గమనిస్తే కొందరికి అడక్కుండానే గాజుగ్లాసు వస్తది, కొందరికి మాత్రం ఎప్పుడూ పేపర్ కప్పే వస్తది. పిల్ల కంటికి అది ఎలా దొరుకుద్దన్నది మీరు ఎంచుకున్న సంవత్సరాన్ని బట్టి ఉంటది.

బడి సీన్ పెట్టేవాళ్ళు ఈ లెక్క కూడా చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ బళ్ళలో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. వంటమనుషుల్ని పెట్టుకునేటప్పుడు దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశం ఇచ్చింది. ఊరిబడిలో దళిత స్త్రీ వంట చేస్తే, ఊళ్ళోని ఇళ్ళ నుంచి హఠాత్తుగా క్యారేజీలు రావడం మొదలైతే, ఆ క్యారేజీ మోసుకొచ్చే పిల్లే మీ హీరోయిన్ అయితే కథ సగం దొరికినట్టే.

2. పిల్ల ఎవరింటి పిల్ల?

ఇది తేల్చకుండా ఒక్క లైను కూడా రాయొద్దు. కులం పేరు రాయకుండా "పెద్దింటి అమ్మాయి", "పేదింటి అమ్మాయి" అని తప్పించుకుంటే కథ నీరుగారిపోద్ది, చదివేవాళ్ళకి ఇది డబ్బు గొడవలా కనపడుద్ది.

ఊరి లోపలి పిల్ల అయితే ఆమెకి ముందు ఏమీ కనపడదు. పుట్టినప్పట్నుంచీ చూస్తుంది కాబట్టి అది గాలి లాంటిది. కథంతా ఆమెకి కొంచెం కొంచెం కనపడటమే.

పల్లెలో పిల్ల హీరోయిన్ అయితే కథ పూర్తిగా వేరు. ఆమెకి మూడేళ్ళప్పుడే అన్నీ తెలుసు, ఏ వీధిలోకి పోవచ్చు, ఏ అరుగు మీద కూర్చోకూడదు, ఎవరింట్లో నీళ్ళు అడిగితే దోసిలి పట్టాలి, అన్నీ. కాబట్టి ఆమెతో "అయ్యో ఇలా చేస్తారా" అని ఆశ్చర్యం పలికించారంటే అబద్ధం. ఆమె ప్రశ్న తన సొంత పెద్దవాళ్ళ మీదకి తిరుగుద్ది, నాన్నా నువ్వెందుకు ఊరుకున్నావ్ అని. లేకపోతే దేవుడి మీదకి తిరుగుద్ది. అంత చిన్నపిల్ల అలా అడుగుతుందా అని మీకు డౌట్ వస్తే ముక్తాబాయిని గుర్తుపెట్టుకోండి. పూణేలో ఫూలే దంపతుల బడిలో చదువుకున్న, మాంగ్ అనే దళిత కులం పిల్ల, 1855లో పద్నాలుగేళ్ళ వయసులో మాంగ్, మహార్ కులాల వాళ్ళ కష్టాల గురించి వ్యాసం రాసింది, అది జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. దేవుణ్ణి సూటిగా అడిగింది మా మతం ఏదో మాకు చెప్పు అని. కాబట్టి పిల్ల నోట్లో పెద్ద ప్రశ్న పెట్టొచ్చు, ఆ పిల్ల బతుకులోంచి వచ్చిందైతే చాలు.

మీరు ఏ వైపు నుంచి వచ్చారో ఆ వైపు పిల్లని తీసుకుంటే మొదటి కథ తేలిక. రెండో వైపు రాయకూడదని కాదు, దానికి చాలా వినాలి, చాలా తిరగాలి.

3. ఒక్క వస్తువు పట్టుకోండి

ప్రిజుడిస్ అంతా ఒకే కథలో కుక్కొద్దు. గుడి, బావి, శ్మశానం, బడి, పెళ్ళి అన్నీ పెడితే అది రిపోర్టు అయిపోద్ది. ఒక్క వస్తువు చాలు. అంబేడ్కర్ తన సతారా బడి రోజుల గురించి రాసినప్పుడు ఏం చెప్పారో చూడండి, కింద కూర్చోడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా, సాయంత్రం దాన్ని మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళడం ఎందుకంటే బడి ఊడ్చే మనిషి దాన్ని ముట్టుకోడు. ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్ళు, ప్యూన్ రాకపోతే ఆ రోజుకి దాహమే. గోనెపట్టా, కుళాయి, అంతే. చదివినవాళ్ళు మర్చిపోలేరు.

నేనైతే గ్లాసుతో రాస్తా. ఉదాహరణకి శ్రావణి అని పదేళ్ళ పిల్ల అనుకోండి, పల్నాడు ఊరు, 2005, వానాకాలం. వాళ్ళింట్లో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఏసోబు అనే ముసలాయన ఉన్నాడు, ఆయన గ్లాసు వసారా చూరులో దోపి ఉంటది. సాయంత్రం వచ్చి తనే తీసుకుని, తనే కడుక్కుని పట్టుకుంటే నాయనమ్మ పైనుంచి టీ పోస్తది, తాగి మళ్ళీ కడిగి చూరులో పెట్టేస్తాడు. ఒక రోజు జోరువాన, చూరు కారుతుంది, గ్లాసు నిండా మట్టినీళ్ళు. శ్రావణి పాపం అనుకుని దాన్ని తీసి తోమి వంటింట్లో గ్లాసుల స్టాండులో పెట్టేసింది. ఏ విప్లవమూ లేదు, పిల్ల మంచి పని చేశాననుకుంది.

ఇప్పుడు నాయనమ్మ వంటింట్లోకి వచ్చింది. ఆ గ్లాసు ఏది? ఇంట్లో స్టీలు సామాన్ల మీద పేరు కొట్టిస్తాం కదా చుక్కల అక్షరాలతో, ఆ గ్లాసు కూడా ఒకప్పుడు ఆ ఇంటి సెట్టులోదే, కాస్త సొట్టపోతే బయట పెట్టారు, కానీ ఇంట్లో మిగిలినవీ అలాగే సొట్టలుపోయి ఉన్నాయి. అన్నిటి మీదా తాతయ్య పేరే. నాయనమ్మ ఒక్కో గ్లాసు తీసి లైటు కింద తిప్పి తిప్పి చూస్తది, దొరకదు. మొత్తం గ్లాసులన్నీ దొడ్లో కుమ్మరించి చింతపండు బూడిద పెట్టి తోముతా ఉంటది, శ్రావణి గుమ్మంలో నిలబడి చూస్తా ఉంటది. ఇక్కడ డైలాగులు అక్కర్లేదు. తేడా లేదన్న సంగతి గ్లాసులే చెప్పేస్తున్నాయి కాబట్టి మీరు మళ్ళీ చెప్పకండి.

4. ప్రశ్న పిల్ల సైజులో ఉండాలి

"మన పంట కోసేది వాళ్ళే, మన వడ్లు దంచేది వాళ్ళే, మరి వాళ్ళు వండితే ఎందుకు తినం" లాంటివి పెద్దవాళ్ళ వాదన. బాగానే ఉంటది గానీ పదేళ్ళ పిల్ల నోట్లో పెడితే వెనకాల రచయిత కనపడతాడు. పిల్లలు వస్తువు గురించి అడుగుతారు. "నాయనమ్మా, ఏసోబు గ్లాసు ఏదో నీకే తెలీట్లేదు కదా, మరి ఎందుకు కడుగుతున్నావ్?" ఇలా అడుగుతారు. దానికి నాయనమ్మ దగ్గర సమాధానం ఉండదు, "నోర్ముయ్, పోయి చదువుకో" అంటది. ఆ నోర్ముయ్ చాలు, అక్కడ సీన్ ఆపేయండి.

పిలుపుల మీద కూడా చాలా శ్రద్ధ పెట్టండి, మన ఊళ్ళల్లో కులం అంతా పిలుపుల్లోనే ఉంటది. పదేళ్ళ శ్రావణి అరవై ఏళ్ళ మనిషిని "ఏసోబూ, ఇటు రా" అని పిలుస్తది, ఆయన ఆ పిల్లని "అమ్మాయిగారూ" అంటాడు. ఇంట్లో ఎవరికీ ఇది తప్పుగా అనిపించదు, పాఠకుడికి కూడా మొదటి పేజీలో అనిపించకూడదు, అలాగే మామూలుగా రాసుకుంటూ పోండి. తర్వాత బడిలో రూతు అనే పల్లె పిల్ల ఫ్రెండ్ అవుద్ది. ఒక రోజు బడి గేటు దగ్గర ఏసోబు కనపడితే రూతు "తాతా!" అని పరిగెత్తి చెయ్యి పట్టుకుంటది, అప్పటికే శ్రావణి నోట్లో "ఏసోబూ" అన్న పిలుపు సగం వచ్చేసి ఉంటది. ఆ పిల్ల అక్కడ ఏం చేస్తదో మీరే నిర్ణయించుకోండి, నాకైతే ఆ పూట ఇంక ఎవర్నీ ఏమీ పిలవకుండా ఇంటికి పోయే శ్రావణి నచ్చుద్ది.

5. ఇంట్లో వాళ్ళని విలన్లని చెయ్యొద్దు

ఇది చాలామంది తప్పే చోటు. నాయనమ్మని మీసాల్లేని జమీందారులా రాసేస్తే పని తేలికవుద్ది, కానీ నిజం పోద్ది. ఆ నాయనమ్మ ఏసోబు భార్యకి జ్వరమొస్తే మందులకి డబ్బులిచ్చి ఉంటది, పండక్కి చీర పెట్టి ఉంటది, ఆయన కొడుకు చదువుకి సాయం చేసి ఉంటది. అదే మనిషి గ్లాసులు తోముద్ది. రెండూ నిజమే. శ్రావణికి నాయనమ్మంటే ప్రాణం, రాత్రిళ్ళు ఆమె పక్కలోనే పడుకుంటది, అందుకే ఆ పిల్లకి అంత కష్టం. చెడ్డవాళ్ళని ప్రశ్నించడం సులువు, అన్నం కలిపి ముద్దలు పెట్టే చేతిని ప్రశ్నించడమే కదా కథ.

హీరోయిన్‌కి పన్నెండు పదమూడు దాటితే ఇంకో దారి కూడా ఉంది. పెద్దమనిషయ్యాక నెలలో మూడు రోజులు ఆ పిల్లకే విడిగా కంచం, విడిగా గ్లాసు, వసారాలో చాప. తన గ్లాసు, ఏసోబు గ్లాసు ఒకే చోట ఉండటం చూస్తది. చాలా బలమైన సీన్, వాడుకోండి, కానీ రెండూ ఒకటే అని మాత్రం తేల్చేయకండి. ఆ పిల్ల నాలుగో రోజు తలంటుకుని లోపలికి వచ్చేస్తది, ఏసోబుకి ఆ నాలుగో రోజు ఎప్పటికీ రాదు. ఈ తేడా పిల్లకి తట్టిందా లేదా అన్నది కథలో పెద్ద సంగతి.

6. ఫ్రెండ్‌కి సొంత జీవితం ఇవ్వండి

రూతు శ్రావణికి జ్ఞానోదయం కలిగించడానికి పుట్టలేదు. రూతుకి లెక్కలంటే ఇష్టం, ఖోఖోలో ఫస్టు, చర్చిలో పాటలు పాడుద్ది, తమ్ముడితో కొట్టుకుంటది, శ్రావణి మీద అప్పుడప్పుడు ఒళ్ళు మండుద్ది. శ్రావణి లేని సీన్లు రూతుకి కనీసం రెండు మూడు రాయండి, ఊరంటే ఏంటో పల్లె వైపు నుంచి కనపడాలి. కథలో దళిత పాత్రలన్నీ ఎప్పుడూ ఏడుస్తూనో దణ్ణం పెడుతూనో ఉంటే మీరు రాసింది కూడా ఒకరకం చిన్నచూపే.

ఇంకో మాట. కులం పేరుతో తిట్లు సంభాషణల్లో వస్తాయి, రాయక తప్పని చోటు ఉంటది. ఒక్కసారి రాస్తే చాలు, దెబ్బ తగులుద్ది. పేజీ పేజీకి రాస్తే చదివే పల్లె పిల్లకి ప్రతి పేజీలోనూ దెబ్బే.

7. ఇప్పుడు అసలు స్టెప్పు, మూల్యం ఎవరు కట్టారు

శ్రావణి అడిగింది, సరే. శ్రావణికి ఏమవుద్ది? రెండు తిట్లు, మహా అయితే ఒక దెబ్బ, రాత్రికి నాయనమ్మే బుజ్జగించి పాలు తాగిస్తది. ఏసోబుకి ఏమవుద్ది? సాయంత్రం వస్తాడు, చూరులో గ్లాసు లేదు. అడగడు, అరుగు కింద నిలబడతాడు. లోపల్నుంచి నాయనమ్మ, "ఏరా ఏసోబూ, పిల్లకి చనువిచ్చావంట, నెత్తినెక్కించుకున్నావంట" అంటది. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు, ఇంట్లో కూడా లేడు ఆ టైంలో. అయినా "తప్పైపోయిందమ్మగారూ" అంటాడు. తర్వాత మిరప కోతలొస్తాయి, రూతు వాళ్ళమ్మని కూలీల ముఠాలోకి పిలవరు. ఎందుకో ఎవరూ చెప్పరు, ఒక మాట అనరు, పిలవరు అంతే. కోతల సీజన్ కూలి పోతే ఆ ఇంట్లో ఆ ఏడాది ఏం ఆగిపోద్దో లెక్క వేసి రాయండి, రూతు హాస్టల్ పెట్టె కావచ్చు, అప్పు మీద వడ్డీ కావచ్చు.

ఇది నేను అతిగా చెప్తున్నది కాదు, మన దగ్గర జరిగిన చరిత్రే. కారంచేడులో 1985 జూలైలో గొడవ మొదలైంది ఎక్కడ? తాగునీళ్ళ చెరువు దగ్గర. ఊరి లోపలి వాళ్ళు గేదెల కుడితి బకెట్టు కడిగి మురికి చేస్తుంటే ఇవి మేం తాగే నీళ్ళు అని మాదిగపల్లె వాళ్ళు అడ్డుకున్నారు, మున్నంగి సువార్త అనే ఆమె బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపేశారు, మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు. చుండూరులో 1991లో సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది, దాని తర్వాత సాంఘిక బహిష్కరణ, పనుల్లోకి పిలవకపోవడం, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్య. నీళ్ళ గురించి ఒక మాట, సీటు దగ్గర ఒక కాలు. మూల్యం మాత్రం అది.

మీ పిల్లల కథలో హత్యలు పెట్టమని నేను అనట్లేదు, వద్దు కూడా. కానీ రూతు వాళ్ళమ్మ "ఆ పిల్లతో తిరగమాక" అని కూతుర్ని ఎందుకు కొడుద్దో మీకు తెలిసుండాలి. కారంచేడు, చుండూరు ఆ తల్లి చిన్నప్పుడు విన్న కబుర్లు. ఆమె పిరికిది కాదు, కూతురు బతకాలని చూస్తుంది. ఇది కథలో ఎక్కడో చిన్నగా పడాలి, పొయ్యి దగ్గర ఒక మాటగా.

ఆ తర్వాత శ్రావణికి రెండో ప్రశ్న పుట్టాలి. మొదటిది నాయనమ్మని అడిగింది, రెండోది తనని తాను అడుక్కోవాలి, నా వల్ల వాళ్ళకిలా అయింది, ఇప్పుడు ఊరుకుంటే మంచిదా అడిగితే మంచిదా అని. ఇది నిజంగా కష్టమైన ప్రశ్న, మీరు కూడా దీనికి వెంటనే జవాబు రాసేయకండి, నాలుగు రోజులు ఆ పిల్లతో పాటు మీరూ నలగండి.

8. ముగింపు చిన్నగా, గట్టిగా

ఊరు మారిపోయినట్టు రాయొద్దు, ఏమీ మారలేదని చేతులెత్తేయొద్దు కూడా. మారగలిగింది ఆ పిల్ల చేతిలో ఎంతుందో అంత మారాలి. క్యారేజీ ఇంట్లో వదిలేసి బడిలో వండిన అన్నం తినడం పదేళ్ళ పిల్ల చేతిలో ఉన్న పనే. ఏసోబుని తాతా అనడం కూడా, కానీ ఏసోబుకి అది భయం పుట్టిస్తది, "అట్టా అనమాకండి అమ్మాయిగారూ, అమ్మగారు వింటే బాగోదు" అంటాడు. ఆ మాట కూడా రాయండి. రూతు వెంటనే క్షమించి కౌగిలించుకోవద్దు. వాళ్ళమ్మ కూలి పోయింది కదా. ఆర్నెల్ల తర్వాత ఖోఖో ఆటలో మాట కలవొచ్చు, కలవకపోవచ్చు, అది రూతు ఇష్టం, శ్రావణి మంచితనానికి బహుమతి కాదు.

9. రాశాక ఏం చెయ్యాలి

గట్టిగా పైకి చదవండి. పిల్ల మాట్లాడే ప్రతి వాక్యం దగ్గర ఆగి, పదేళ్ళ పిల్ల ఈ మాట వాడుతుందా అని చూడండి. సమానత్వం, వివక్ష, సమాజం లాంటి మాటలు ఆ పిల్ల నోట్లో దొరికితే తీసేయండి, టీచర్ నోట్లో దొరికినా సగం తీసేయండి.

తర్వాత పల్లె నుంచి వచ్చిన స్నేహితులెవరికైనా ఇచ్చి చదివించండి. పొగడ్త కోసం ఇవ్వొద్దు, ఎక్కడ అబద్ధంగా ఉందో చెప్పమని అడగండి, చెప్పిన చోట వాదించకుండా రాసుకోండి. వాళ్ళకి చదివే ఓపిక లేకపోయినా, నీ కథ నాకొద్దు అన్నా అదీ వాళ్ళ హక్కే, ఇంకొకర్ని అడగండి.

ఆఖర్న ఆరేడు తరగతుల పిల్లలు ఓ పదిమందిని కూర్చోబెట్టి చదివి వినిపించండి, అన్ని వైపుల ఇళ్ళ పిల్లలూ ఉండేలా చూసుకోండి. వింటున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడండి, మధ్యలో ఆపి ఏం అడిగారో మార్జిన్‌లో రాసుకోండి. ఏసోబు ఇంకో ఇంట్లో పనికి పోవచ్చు కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఎందుకు పోలేడో మీ కథలో ఉందా లేదా వెతకండి, అప్పెంతో, ఎవరి పొలం గట్టున ఆయన గుడిసె ఉందో లేకపోతే అది రాసి రెండో డ్రాఫ్టు మొదలుపెట్టండి.